పుదీనా తండ్రి పేరు

మా పురపాలక సంఘంలో ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పని ఫారాలు తయారుచెయ్యడం. కుక్క లైసెన్సు దగ్గర్నుంచి శ్మశానవాటిక రసీదు దాకా ఊళ్ళో ఎవరు ఏ గడి నింపినా ఆ గడి గీసింది నేనే. ఇన్నేళ్ళలో నా ఫారాల గురించి ఎవరూ మంచీ అనలేదు, చెడూ అనలేదు. ఫారం 7-ప వచ్చాకే ఊరంతా నా పనితనం గురించి మాట్లాడుకుంది. అది నా పనితనమని మాత్రం ఆఫీసు బయట ఎవరికీ చెప్పలేదు. తెలియకుండా నేను పడ్డ జాగ్రత్త అంతా ఇంతా కాదు.

మా విశేషాధికారి చక్రధరరావుగారు ఆ ఏడు సంక్రాంతి వెళ్ళగానే ఏదో కొండ ప్రాంతంలో తేనెటీగల మీద జరిగిన రెండు రోజుల సదస్సుకి వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు తేనెటీగ బొమ్మ ఉన్న టోపీ, తేనెటీగ బొమ్మ ఉన్న సంచీ, ఒక తేనె సీసా, ఒక ఆశయంతో వచ్చారు. తేనె నాలుగు రోజుల్లో అయిపోయింది. ఆశయం మాత్రం మిగిలిపోయింది.

సోమవారం పొద్దున్నే సిబ్బందిని సమావేశపరిచారు. ఆయన ఇంట్లో కాఫీ అడగాలన్నా "కాఫీ విషయమై తగు చర్య తీసుకొనబడినదా?" అంటారని వాళ్ళావిడ వైదేహిగారే నవ్వుతూ చెప్పేవారు. ఇక సమావేశంలో చెప్పేదేముంది.

"పరాగ సంపర్కము లేనిదే పంట లేదు. పంట లేనిదే పట్టణము లేదు. కావున మన పట్టణ పరిధిలోని ప్రతి గృహోద్యానమునందు ప్రతి మొక్కయు నిర్ణీత కాలవ్యవధిలో పరాగ సంపర్కము పొందునట్లు చర్యలు చేపట్టవలసి ఉన్నది. ఆ పైన మొక్కల గణన. ప్రతి మొక్క పుట్టుపూర్వోత్తరాలు నమోదు కావలెను. ఫారము రేపు పదకొండు గంటలకు నా బల్ల మీద ఉండవలెను."

ఆఖరి మాట నా వైపు చూసి అన్నారు. సమావేశం అయ్యేసరికి సాయంత్రం నాలుగున్నర. మా ఇంటి వైపు వెళ్ళే బస్సు అయిదూ పదికి. దాని తరవాత ఏడున్నరకి గాని ఇంకోటి లేదు.

మొక్కల పుట్టుక నమోదుకి కొత్త ఫారం ఆలోచించే వ్యవధి లేదు. మనుషుల పుట్టుక నమోదు ఫారం కంప్యూటర్లో సిద్ధంగా ఉంది. 'శిశువు' అన్నచోటల్లా 'మొక్క' అని మార్చమని దానికి చెప్పాను. కన్ను మూసి తెరిచేలోగా మార్చేసింది. బస్సు దొరికింది. ఆ రోజుకి నేను చాలా తృప్తిపడ్డాను.

మర్నాడు చక్రధరరావుగారు ఫారం చదువుతుంటే నేను తలుపుకి దగ్గరగా నిలబడ్డాను. ఇంటికెళ్ళాక గాని నాకు తోచలేదు, అందులో ఇంకా చాలా గడులున్నాయని. మొక్క లింగము. పుట్టినప్పటి బరువు. ప్రసవం జరిగిన చోటు: ఇల్లు, ఆసుపత్రి, ఇతరము. తల్లి పేరు. తండ్రి పేరు.

ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "ప్రసవం జరిగిన చోటు... నర్సరీలన్నీ 'ఇతరము' కిందికి వచ్చును. బాగున్నది." ఇంకా కిందికి వెళ్ళారు. అక్కడ ఆగిపోయారు.

"తండ్రి పేరు!" అంటూ లేచి నిలబడ్డారు. "శభాష్! ఈ పథకమునకు ఇదే ప్రాణము. పుప్పొడి ఏ మొక్క నుండి వచ్చినదో తెలియనిదే సంపర్కము జరిగినదని ఎట్లు ధ్రువీకరింతుము? ఇంత దూరము సదస్సులో కూడా ఎవరూ ఆలోచించలేదు."

నేనూ ఆలోచించలేదు. అయినా చాలా కాలంగా దాని మీదే ఆలోచిస్తున్నవాడిలా తల వంచుకున్నాను. ఫారానికి 7-ప అని నంబరు వేసి, ఆ గడికి ఆయన స్వహస్తాలతో ఎర్ర నక్షత్రం గుర్తు పెట్టారు. అంటే, అది నింపకపోతే కంప్యూటరు ఫారం తీసుకోదు.

గణన మొదలైంది. జనం బాగానే సహకరించారు. బెండ మొక్కకి తండ్రి పేరు 'పక్కింటి బెండ' అని రాశారు. జామచెట్టుకి రకం పేరు 'లక్నో' అని రాశారు. బొప్పాయికి ఎవరో తమ వార్డు సభ్యుడి పేరు రాస్తే, సభ్యుడు వచ్చి గొడవ చేసి వెళ్ళాడు. ఏది రాసినా కంప్యూటరు అభ్యంతరం చెప్పలేదు. గడి నిండితే చాలు దానికి.

చిక్కంతా పుదీనా దగ్గర వచ్చింది. పుదీనా విషయంలో ఎందుకో జనం అబద్ధం చెప్పలేకపోయారు.

మూడో వార్డు లెక్కలు తెచ్చిన అప్పన్న మా ఆఫీసులో పాతికేళ్ళ సర్వీసున్న జవాను. చక్రధరరావుగారి ముందు కాగితాలు పెట్టి నిలబడ్డాడు.

"ఈ పుదీనాకు తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్నదేమి?"

"ఆ ఇంటావిడ పక్కింట్లో గుప్పెడు అడిగి తెచ్చుకున్నాదంటండి. ఆకు దూసి పచ్చడి చేసుకున్నాదంట. మిగిలిన కాడలు కుండీలో గుచ్చిందంట. బతికేసిందండి."

"సరే. తండ్రి?"

"లేడండి."

"చనిపోయినాడా?"

"అసలు లేడండి."

చక్రధరరావుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇటువంటివి ఎన్ని?"

"మా వార్డులో పదహారండి. అన్నీ ఇంతేనండి."

"అనగా, పుష్పించకుండా, సంపర్కము లేకుండా, ఎవరి అనుమతియు లేకుండా ఒక మొక్క మరొక మొక్క అగుచున్నది."

"అవునండి."

"ఎప్పటి నుండి?"

"మా అమ్మమ్మ చిన్నప్పట్నుంచీ ఇంతేనండి."

"ఇన్నేళ్ళుగా ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదా?" అని ఆయన నిజంగానే బాధపడ్డారు. ఆ రోజు భోజనం కూడా సరిగా చెయ్యలేదు.

మర్నాడు సర్క్యులరు వచ్చింది. కాడ గుచ్చగా పుట్టిన పుదీనా మొక్కలన్నీ అక్రమ మొక్కలు. వాటిని క్రమబద్ధం చేసుకోవడానికి మూడు నెలలు గడువు. ఈలోగా ప్రతి పుదీనా పూత పూయాలి, మరో పుదీనాతో సంపర్కం పొందాలి, విత్తనం కట్టాలి. ఆ విత్తనంతో మొలిచిన మొక్కకి తండ్రి పేరు ఉంటుంది కాబట్టి దాన్ని ఉంచుకోవచ్చు. గడువు దాటినా విత్తనం కట్టని మొక్కని స్వాధీనం చేసుకుంటారు. ఆకు తుంచడం వల్లే పూత రావడం లేదని తేలినందువల్ల ఈ మూడు నెలలూ పుదీనా ఆకు ముట్టుకోరాదు. బజారు కట్టల్లో కాడలుంటాయి కాబట్టి ఊరి పొలిమేర దాటి కట్ట లోపలికి రారాదు.

ఆ సర్క్యులరు, దానికి జత చేసిన ఫారం జేబులో పెట్టుకుని నేను ఇంటికి వెళ్ళాను. నా భార్య సువర్చల డాబా మీద బేసినుకి నీళ్ళు పోస్తోంది.

ఆ బేసిను గురించి చెప్పాలి. ఆకుపచ్చ అంచున్న పాత పింగాణీ బేసిను. అడుగున చిల్లి పడితే మా అత్తగారు సీతారత్నంగారు పారెయ్యకుండా అందులో పుదీనా వేశారు. పెళ్ళయిన కొత్తలో మేం మొదటి అద్దె ఇంట్లో చేరినప్పుడు ఆవిడ ఆ బేసినుని తడిగుడ్డ చుట్టి, రెండు బస్సులు మారి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. "ఏ ఇంట్లో ఉన్నా పచ్చడికి వెతుక్కోకుండా ఉంటావే" అన్నారు. తరవాత నాలుగు ఇళ్ళు మారాం. మంచం పోయింది, బీరువా పోయింది. బేసిను మాత్రం సువర్చల చేతుల్లోనే వచ్చింది. అత్తగారు పోయి ఆరేళ్ళు. హాల్లో ఆవిడ ఫోటో ఉంది, దానికి దండా ఉంది. సువర్చల మాత్రం అమ్మతో మాట్లాడాలనిపిస్తే డాబా ఎక్కుతుంది. ఆ మొక్కంటే తనకి ప్రాణం. నాకూ ఇష్టమే, కాకపోతే నాది పచ్చడి వరకే.

రెండూ చదివి తను చెంబు కింద పెట్టింది.

"ఏవండీ, దీనికి తండ్రి పేరు కావాలంటారా?"

"నేను కాదు, ఆఫీసు అంటోంది."

"ఈ ఫారం ఎవరు చేశారండీ?"

"పైవాళ్ళు" అన్నాను. మా మీద నీళ్ళ ట్యాంకు తప్ప పైన ఎవరూ లేరు. తను ఫారం కేసి ఇంకోసారి చూసింది, మడిచి నాకిచ్చేసింది.

అలా మా ఊళ్ళో పుదీనా నిషేధం మొదలైంది. పక్క వీధి మస్తాన్‌బీ ఆదివారాలు ఇంటి దగ్గర బిర్యానీ వండి ఆర్డర్ల మీద పంపేది. ఆవిడ మా ఇంటికొచ్చి నా ముందే కూలబడింది.

"ఏందన్నా ఈ అన్యాయం? పుదీనా లేకుండా బిర్యానీ అంటే పెళ్ళికొడుకు లేకుండా నిఖా చేసినట్టు కాదా? మీ ఆఫీసుకి కళ్ళు లేవా?"

"ఉన్నాయమ్మా. వాటితోనే ఫారాలు చూస్తున్నారు."

"కొత్తిమీరతో చేశా మొన్న. తిన్నోళ్ళు ఫోన్ చేసి, ఎవరైనా పోయారా అమ్మా అని అడిగారు వదినా!" అని సువర్చల వైపు తిరిగింది. సువర్చల నవ్వలేకపోయింది. తనకి బేసిను ధ్యాసే.

గిల్లడం మానేస్తే పుదీనా ఏం చేస్తుందో మా ఊరివాళ్ళు మొదటిసారి చూశారు. కాడలు మోకాలెత్తు పెరిగాయి. ఆకు ముదిరి గరుకెక్కింది. రెండు నెలలు తిరిగేసరికి కాడల చివర్న లేత ఊదా రంగులో చిట్టి పూలు వచ్చాయి. నిజం చెప్పాలంటే బాగున్నాయి. సువర్చల కూడా వాటిని చూసి మొహం విప్పింది. "మా అమ్మ ఇవి ఎప్పుడూ చూసుండదు" అంది.

పూలు రాగానే తేనెటీగలూ వచ్చాయి. ఎవరూ పిలవలేదు, ఎవరూ సర్క్యులరు పంపలేదు. వచ్చి వాటి పని అవి మొదలుపెట్టాయి. ఆఫీసులో మేమంతా హమ్మయ్య అనుకున్నాం. చక్రధరరావుగారు మాత్రం తల పట్టుకున్నారు.

"ఇది చాలా తీవ్రమైన విషయము. ఈ తేనెటీగ ఏ కుండీ నుండి ఏ కుండీకి వెళ్ళుచున్నది? ఎవరికైనా తెలుసునా?"

ఎవరికీ తెలియదు.

"ఒకే తేనెటీగ ఒకే పూట ఇరవై కుండీలు తిరిగిన, తండ్రి పేరు గడిలో ఇరవై పేర్లు వ్రాయుదుమా? గడిలో చోటున్నదా?" అని నన్నడిగారు.

"లేదండి. ఇరవై అక్షరాలే పడతాయి."

దాంతో తేనెటీగల పేరు చెప్పి మొదలైన పథకం కింద ఊరంతా తేనెటీగల ప్రవేశం నిషేధించారు. ప్రతి పుదీనా కుండీకి దోమతెర కట్టాలన్నారు. తెరల మీద పురపాలక సంఘం ముద్ర వేశారు. తేనెటీగ బొమ్మ ఉన్న ముద్రే. నిజం తేనెటీగలు ఆ తెరల చుట్టూ రెండు రోజులు తిరిగి, మా ఊరి సంగతి అర్థం చేసుకుని పొలాల వైపు వెళ్ళిపోయాయి.

ఇక సంపర్కం సిబ్బందే చెయ్యాలి. దానికి కుంచెలు కావాలి. స్టోర్సు వాళ్ళు కొని తెచ్చినవి గోడలకి సున్నం వేసే కుంచెలు. ఒక్కోటి నా అరచేతికన్నా వెడల్పు. పుదీనా పువ్వు ఆవగింజకన్నా కాస్త పెద్దది.

పురపాలక సమావేశ మందిరంలో చక్రధరరావుగారు స్వయంగా చేసి చూపించారు. బల్ల మీద రెండు కుండీలు పెట్టారు. ఒకదానికి 'తండ్రి', ఒకదానికి 'తల్లి' అని చీటీలు. ఆయన సున్నం కుంచె తీసుకుని తండ్రి మీద ఒకసారి పైనుంచి కిందికి పూశారు. తరవాత తల్లి మీద పూశారు. పూలన్నీ బల్ల మీద రాలాయి.

"సంపర్కము సంపూర్ణము" అన్నారాయన. అందరం చప్పట్లు కొట్టాం. అప్పన్న మాత్రం నా చెవిలో, "మా గోడకి రెండో పూత కావాలండి, కుంచె ఇత్తారేంటి?" అన్నాడు.

ఏ కుండీకి ఏ కుండీని తండ్రిగా కేటాయించాలో జాబితా చేసే పని నాకు పడింది. సంబంధించిన రెండిళ్ళవాళ్ళూ 'ఈ రెండు మొక్కలకు బంధుత్వము లేదు' అని సంతకం పెట్టాలి. అది కూడా నా ఫారమే. వివాహ నమోదు ఫారంలోంచి తీశాను. ఆ రోజు కూడా బస్సు అయిదూ పదికే.

మా బేసినుకి తండ్రిగా మస్తాన్‌బీ కుండీ వచ్చింది. సంతకం పెట్టమంటే ఆవిడ కలం కింద పెట్టేసింది.

"అబద్ధం సంతకం ఎట్టా పెట్టేదన్నా? నాది వదిన ఇచ్చిన కాడే కదా. రెండూ ఒకటే మొక్క!"

ఆవిడ స్థానంలో ఆరో వార్డు దర్జీ కుండీ రాశాను. అతను మస్తాన్‌బీ దగ్గర కాడ తీసుకున్నాడట. తొమ్మిదో వార్డు టీచరమ్మని రాశాను. ఆవిడకి దర్జీ ఇచ్చాడట. ఎక్కడ చెయ్యి పెట్టినా అదే కాడ. మా ఊళ్ళో ఆడవాళ్ళు పుదీనాని విత్తనంతో ఎప్పుడూ పెంచలేదు. ఎవరింటికైనా వెళ్ళి, కుండీ చూసి, "ఒక కాడ తుంచుకోనా?" అనడమే. కాదన్న మనిషి లేదు. ఇది విని చక్రధరరావుగారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

"అనగా పట్టణమంతా ఒకే కుటుంబము! ఇందులో ఎవరు ఎవరికి సంబంధము కుదిర్చినను దోషమే! తక్షణమే కాడల వంశవృక్షము తయారుచేయుము."

తయారుచేశాను. ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఎవరికి కాడ ఇచ్చారో అడిగి, ఏడు చార్టు కాగితాలు అతికించి గీశాను. నా సర్వీసులో అంత మనసుపెట్టి చేసిన పని ఇంకోటి లేదు. నూట నలభై మూడు ఇళ్ళు. అన్ని గీతలూ పైకి పాకి ఒకే చోట కలిశాయి. అక్కడ 'ఆకుపచ్చ అంచు బేసిను, సీతారత్నం' అని రాస్తుంటే నాకు చెయ్యి ఆగింది. రెండు బస్సులు మారి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మనిషి ఊరంతా ఉంది. మనసు నిండిపోయింది. ఈ మాట సువర్చలకి చెప్పాలనుకున్నాను. చెబితే చార్టెందుకు గీశారంటుంది, ఆ పైన ఫారం దాకా వెళ్తుంది. చెప్పలేదు.

చార్టు అట్టడుగున, ఏడో కాగితం చివర ఒక ఇల్లు ఉంది. పోయినేడు రంజానుకి మస్తాన్‌బీ బిర్యానీతో పాటు ఒక కాడ కూడా పంపిందట ఆ ఇంటికి. 'విశేషాధికారివారి నివాస గృహము.' అదీ రాశాను. రాసి ఆ అంచు జాగ్రత్తగా లోపలికి మడిచాను.

చక్రధరరావుగారు పైనుంచే చూశారు. పెద్దవాళ్ళు ఎప్పుడూ పైనుంచే చూస్తారు.

"మూలము దొరికినది. మూలమును తొలగించిన శాఖలు వాటంతట అవే క్రమబద్ధమగును. ఈ బేసినును స్వాధీనము చేసుకొని విచారణ నిమిత్తము భద్రపరచుము." చిరునామా చూసి, "ఇది మీ ఇల్లు కాదూ?" అన్నారు.

"అవునండి."

"అయిననేమి. చట్టము ముందు అందరూ సమానులే. మీ నిజాయితీ మెచ్చుకొనదగినది." ఆ మెప్పు నేను ఇంటికి మోసుకెళ్ళలేకపోయాను.

మర్నాడు అప్పన్న ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. బేసినుని తాకడానికి మొహమాటపడి గుమ్మంలోనే నిలబడ్డాడు. సువర్చలే డాబా మీంచి దింపి తెచ్చింది. దోమతెర విప్పి, పూల మీద చెయ్యి వేసి చూసుకుంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది గాని గొడవ చెయ్యలేదు.

"పొద్దున్నే ఒక చెంబుడు నీళ్ళు పోస్తే చాలు అప్పన్నా. ఎండ తగలకపోతే బతకదు. కిటికీ దగ్గర పెట్టండి."

"నే చూసుకుంటానమ్మగారూ" అన్నాడు అప్పన్న.

చూసుకోవడం అతని చేతిలో లేదు. స్వాధీనం చేసుకున్న వస్తువు కాబట్టి బేసినుని స్టోరు గదిలో పెట్టి తలుపుకి సీలు వేశారు. సీలు తెరవాలంటే ఉత్తర్వు కావాలి. 'నీళ్ళు పోయుటకై సీలు తెరచుటకు అనుమతి' అని నేనే ఫైలు పెట్టాను. మొదటి బల్ల దగ్గర, నీళ్ళెందుకని అడిగారు. రెండో బల్ల దగ్గర, సాక్ష్యానికి నీళ్ళు పోస్తే సాక్ష్యం మారిపోదా అన్నారు. మూడో బల్ల ఆయన సెలవు. నాలుగో బల్ల, ఎన్ని చెంబులో రాయలేదని వెనక్కి పంపింది. నా జీవితంలో మొదటిసారి ఫైలు వెంట నేను పరిగెత్తాను. ఇన్నాళ్ళూ నా ఫారాల వెంట జనం ఇలాగే తిరిగారన్నమాట, అనుకున్నాను. తల ప్రాణం తోకకొచ్చింది. ఏడు బల్లలు దాటి సంతకం అయ్యేసరికి పదమూడు రోజులు పట్టింది. అది మే నెల.

సీలు తీశాం. అప్పన్న చెంబుతో నా వెనకే ఉన్నాడు. బేసినులో కాడలు చీపురు పుల్లల్లా నిలబడి ఉన్నాయి. మట్టి బీటలు తీసింది. వేళ్ళు కెలికి చూశాను. ఎక్కడా పచ్చి లేదు. అప్పన్న అయినా చెంబుడు నీళ్ళూ పోశాడు. నేను ఆ గదిలోనే కాసేపు కూర్చున్నాను. ఒక బస్సు కోసం నేను ఇంత పని చేశాను.

విచారణ ఆ మధ్యాహ్నమే. బల్ల మీద ఎండిన బేసిను, దాని పక్కన చార్టు. సువర్చల లోపలికొచ్చి బేసినుని చూసింది. పెదవులు బిగించింది. తను ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు. అది ఇంకా భయంగా ఉంది.

"ఈ మొక్క తండ్రి పేరు తెలుపవలసినదిగా కోరడమైనది" అన్నారు చక్రధరరావుగారు.

"దీనికి అమ్మ ఉందండి. పేరు సీతారత్నం. నేను చెప్తున్నాను, రాసుకోండి."

"తల్లి పేరు సరే. తండ్రి పేరు?"

"ఎందుకండీ?"

మూడు నెలల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. చక్రధరరావుగారు తన కాగితాల్లో వెతికారు. వెతికి నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను.

"ఎందుకనగా... ఫారములో ఆ గడి ఉన్నది" అన్నారు చివరికి.

"పుదీనాకి కాడే పుట్టుక అండి. మా అమ్మ గుచ్చింది, నేను గుచ్చాను, అడిగినవాళ్ళకల్లా ఇచ్చాను. అది తప్పయితే ఎవరెవరి దగ్గరుందో వాళ్ళందర్నీ పిలిపించండి."

"పిలిపించెదము! ఒక్కరిని కూడా విడువము!" అని ఆయన చార్టు తన వైపు లాక్కుని ఆ చివర్నుంచి ఈ చివరికి బరబరా విప్పారు. నేను మడిచిన అంచు కూడా విడిపోయింది. ఆయన పేర్లు పైకి చదవడం మొదలుపెట్టారు. దర్జీ, టీచరమ్మ, పాలకేంద్రం, పోస్టుమాస్టరు... చివరి పేరు దగ్గర ఆగారు. ఇంకోసారి చూశారు. చార్టు నెమ్మదిగా చుట్టేశారు.

"విచారణ వాయిదా వేయడమైనది. భోజన విరామము."

భోజనం నుంచి ఆయన ఆ రోజు తిరిగి రాలేదు. మర్నాడు పొద్దున్న ఉత్తర్వు వచ్చింది. తప్పు జరిగిందని అందులో ఎక్కడా లేదు. 'లోతైన పరిశీలన మీదట, పుదీనా అనునది మొక్క కాదని, పచ్చడి నిమిత్తము తాత్కాలికముగా కుండీయందు నిలువ ఉంచబడిన ఆకుకూర అని తేలినందున, ఫారం 7-ప దానికి వర్తించదు' అని ఉంది. ఊరంతా ఆ రోజు పుదీనా గిల్లుకుంది. మస్తాన్‌బీ బిర్యానీ వాసన రెండు వీధులు కొట్టింది. మా ఇంట్లో మాత్రం ఎండిన బేసిను డాబా మీదకొచ్చింది. సువర్చల దానివైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

సాయంత్రం తలుపు కొట్టిన చప్పుడైతే తీశాను. చక్రధరరావుగారి భార్య వైదేహిగారు. చేతిలో తడిగుడ్డ చుట్టిన పొట్లం.

"సువర్చలా, లోపలికి రావచ్చా అమ్మా?" అంటూనే వచ్చి కూర్చున్నారు. "మా ఇంట్లోది మీ అమ్మగారి పుదీనాయేనట కదా. నిన్న మధ్యాహ్నం మా ఆయన ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా పెరట్లో కుండీ ముందు నిలబడ్డారు. ఇది ఎక్కడిది అన్నారు. మస్తాన్‌బీ ఇచ్చింది అన్నాను. మరి మూడు నెలలుగా పూత లేదేమి అన్నారు. రోజూ గిల్లుతున్నానుగా, ఎలా పూస్తుంది అన్నాను."

"రోజూనా?" అంది సువర్చల.

"పుదీనా పచ్చడి లేకపోతే ఆయనకి ఇడ్లీ దిగదు మరి. ఈ మూడు నెలలూ కొత్తిమీర పచ్చడి అని చెప్పి పెట్టాను. తిని, ఈ మధ్య కొత్తిమీర రుచి పెరిగింది, మన పథకం వల్లే అన్నారు."

సువర్చల నవ్వింది. చాలా రోజుల తరవాత నవ్వింది. వైదేహిగారు పొట్లం విప్పారు. లోపల ఏడెనిమిది లేత కాడలు, చివర్న తెల్లగా చిన్న వేళ్ళు.

"మీది మీకే తెచ్చాను" అన్నారావిడ.

ఆవిడ వెళ్ళాక సువర్చల డాబా ఎక్కింది. నేనూ వెనకే వెళ్ళాను. బేసినులో మట్టి తిరగేసి, తడిపి, కాడలు ఒక్కొక్కటీ గుచ్చింది. ఇక దాచడం నావల్ల కాలేదు.

"సువర్చలా, ఆ ఫారం..."

"మీరే చేశారు. తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజునుంచీ. మన అమ్మాయి పుట్టినప్పుడు మీకు సెలవు దొరకలేదని బాలింతగా ఉండి నేనే నింపానండీ ఆ ఫారం. అవే గడులు, అదే వరస. మీరు చెబుతారేమో అని మూడు నెలలు చూశాను."

సిగ్గుతో తల వంచుకుని చెంబు అందించాను. తను నీళ్ళు పోసి, చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుంది.

"ఆ ఫారం ఒకటి ఉంటే తీసుకురండి. దీనికి నింపుదాం."

"పుదీనాకి ఇప్పుడు అక్కర్లేదుగా."

"నాకు కావాలి."

తెచ్చాను. బేసిను పక్కనే మెట్టు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. మొక్క పేరు, పుదీనా. తల్లి పేరు దగ్గర తను చెప్పకముందే సీతారత్నం అని రాశాను. తండ్రి పేరు దగ్గర తన వైపు చూశాను.

"ఆ గడి కొట్టేయండి" అంది. నేను గీసిన గడిని నా చేత్తోనే కొట్టేశాను.

"ప్రసవం జరిగిన చోటు?" అని చదివాను.

సువర్చల బేసినుని కాస్త ఎండలోకి జరిపింది.

"ఇల్లు అని రాయండి."